చిరిగిన పదకొండో పేజీ

దెస్సీ ఊళ్లో పొద్దున్న తొమ్మిదైనా
పొగమంచు బడి కిటికీలోంచి దూరి
వెనక బెంచీలో కూర్చుంటుంది.
ఆ బెంచీలోనే యిల్మా.
తొమ్మిదేళ్లు. చొక్కా నిండా యూకలిప్టస్ బెరడు వాసన.
తెల్లారకముందే నాలుగు గాడిదలతో
కొండ మీంచి కట్టెలు దింపి, బజార్లో అప్పజెప్పి
పరిగెత్తుకొచ్చేవాడు.

చదవమంటే చదివేవాడు.
గలగలా. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి,
ప్రశ్న దగ్గర గొంతు లేపి,
సరైన చోట పేజీ తిప్పి.
మిగతా పిల్లలు కూడబలుక్కుంటుంటే
యిల్మాని చూసి నేర్చుకోండర్రా అన్నాను.
ఒకసారి కాదు, ఏడాదంతా అన్నాను.

ఆ రోజు వాడికిచ్చిన పుస్తకంలో
పదకొండో పేజీ లేదు.
ఎవరో చించి
వేయించిన బార్లీ గింజలు పొట్లం కట్టుకున్నారు కాబోలు.
వాడు పది చదివాడు.
లేని పదకొండూ చదివాడు:
నీళ్లకెళ్లిన మేక, బావి గట్టు, వెనకనుంచి హైనా,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా.
అక్షరమే లేదక్కడ.

నా పేరు వర్కినేష్.
నువ్వు బంగారానివి అని అర్థం.
ఇరవై రెండేళ్ల ఉద్యోగం.
ఆ సాయంత్రం అద్దంలో ఇత్తడి కనిపించింది.

కొట్టలేదు. అడిగాను.
"వేరేవాళ్లు చదువుతుంటే విని పట్టేస్తా టీచర్.
అక్షరాలన్నీ ఒకలాగే ఉంటాయి,
కాళ్లు, కాళ్లు, కాళ్లు."
మరి నీ గాడిదలో?
"అవెలా ఒకలా ఉంటాయి!"
నాకు మతిపోయిందేమోనని
వాడి కళ్లలో నిజంగా జాలి.

పలక మీద 'ల' రాశాను, మా లిపిలో.
రెండు కాళ్ల మీద నిలబడే అక్షరం.
తర్వాత దాని పిల్లల్ని వరసగా.
నేను శబ్దం చెప్పాను, వాడు జబ్బు చెప్పాడు.
లు: మోపు ఓ పక్కకి జారింది.
లి: కుడికాలి గిట్ట బయటికి తిరిగింది.
లా: ముల్లు గుచ్చుకుని ఎడమకాలు ఎత్తి పెట్టుకుంది.
లే: పారిపోకుండా కుడికాలికి తాడు ముడేశారు.
"అన్నీ ఒకే గాడిద టీచర్,
రోజుకో తీరుగా ఉంది, అంతే."

రెండు వందల ముప్పై పైచిలుకు అక్షరాలు మావి.
ఏ శిక్షణలోనూ నాకెవరూ చెప్పలేదు ఈ మాట.
ఆరో వరస అక్షరాలు మాత్రం
ఏ రోగానికీ లొంగలేదు.
మొండిఘటాలని వేరే కొట్టంలో కట్టేశాం.

తిమ్కత్ పండగ వెళ్లాక హెడ్మాస్టరు వచ్చారు.
యిల్మా లేచాడు. వేలు పెట్టాడు.
లా... లా... లామ్.
ఆవు! అని వాడే అరిచాడు,
అది పేజీలోంచి లేచి మీదికొచ్చినట్టు.
తర్వాతి మాటకి మళ్లీ చెమట.
"నిరుడు ఏరులా చదివేవాడు కదమ్మా,
ఏం చేశావు వీణ్ణి?"
పాడుచేశాను సార్, అన్నాను.

పదకొండో పేజీ నేనే చేత్తో రాసి అంటించాను.
కావాలనే కథ మార్చాను.
నా పేజీలో హైనా రాదు.
యిల్మా రెండో వాక్యం దాకా వచ్చాడు.
పాత కథ నాలుక చివర ఊగుతోంది,
నాకు తెలుస్తూనే ఉంది.
దాన్ని మింగేసి
వేలి కింద ఉన్నదాన్నే చూశాడు.
ఆగాడు.

మాట నా నోట్లో సిద్ధంగా ఉంది.
అందించడం ఇరవై రెండేళ్ల అలవాటు.
కానీ వాడే చెప్పాడొకసారి:
ఎత్తు ఎక్కుతూ ఆగిన గాడిదని లాక్కూడదు టీచర్,
ఊపిరి తీసుకోనివ్వాలి,
మనం పక్కన నిలబడాలి.

నిలబడ్డాను.
బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ కొండెక్కుతోంది.
వాడి వేలి చెమటకి నా చేతిరాత
కొంచెం అలుక్కుపోయింది.
పెదవులు కదిలాయి.
శబ్దం ఇంకా రాలేదు.